సంఘం మేడ మీద వానడబ్బా

ఈపూరు దగ్గర మా మేనత్త ఊళ్లో రైతు సంఘానికి ఎవరో పుణ్యాత్ములు వాతావరణం కొలిచే యంత్రాన్ని దానం చేశారు. దానం చేసి, ఫొటో దిగి వెళ్లిపోయారు. ఆ ఫొటోలో ఊరి పెద్దలందరూ ఉన్నారు. యంత్రం మాత్రం అట్టపెట్టెలోనే ఉండిపోయింది. పెట్టె సంఘం ఆఫీసులో యూరియా బస్తాల పక్కన కొన్నాళ్లు పడి ఉన్నాక, దాన్ని ఎవరైనా బిగించాలేమోనన్న అనుమానం సంఘం అధ్యక్షుడికి వచ్చింది. నేను నరసరావుపేటలో ఒక కాలేజీలో కంప్యూటర్ ల్యాబు చూసుకుంటాను. మావైపు కంప్యూటరు వచ్చినవాళ్లంటే ఆధార్‌లో పుట్టినతేదీ మార్చడం దగ్గర్నుంచి మిక్సీ బాగుచెయ్యడం దాకా అన్నీ వచ్చినవాళ్లని లెక్క. అందుకని కబురు నాకొచ్చింది.

అధ్యక్షుడు నాకు వరసకు బాబాయి. "పెద్ద పనేం కాదమ్మాయ్. పెట్టెలో ఉంది, తీసి పెట్టటమే. పొద్దున వస్తే మధ్యాహ్నం అన్నానికి ఇంటికెళ్లిపోవచ్చు" అన్నాడు ఫోన్లో. పెద్ద పనేం కాదనేవాళ్లు ఆ పని చేసినవాళ్లయి ఉండరని నాకు ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే తెలిసింది.

నేను ఒప్పుకున్నది బాబాయి మాట మీద గౌరవంతో కాదు, మా మేనత్త కోసం. ఆమె కౌలు పొలంలో మిరప వేస్తుంది. కోసిన కాయ ఆరబెట్టుకునే కల్లం సంఘం ఆఫీసు పక్కనున్న ఖాళీ జాగాలోనే. పండిన కాయ కల్లంలో ఎండేటప్పుడు ఒక్క వాన పడితే చాలు, రంగు చచ్చి, తెల్లబడి, తాలుకాయ అయిపోతుంది. తాలుకాయ రాశిని వ్యాపారి కాలితో ఒకసారి తిరగేసి, ఒక్క మాటైనా అనకుండా పక్క కల్లానికి వెళ్లిపోతాడు. కిందటేడు అత్త కల్లంలో అదే జరిగింది. ఆమె ఏడాది కష్టాన్ని ఒక మనిషి చెప్పు కాలితో కెలికి పోవడం పక్కనే నిలబడి చూశాను. వాన వచ్చే సంగతి ఒక పూట ముందు తెలిస్తే కాయను రాశి పోసి టార్పాలిన్ పట్ట కప్పుకోవచ్చు. ఈ ఏడు అత్త కాయ తడవకూడదు. నాకు కావలసింది అంతే.

సంఘం కంప్యూటరు నా ఉద్యోగం కంటే పాతది. గుమస్తా దాంట్లో పేకాట ఆడేవాడు. ముక్క వెయ్యమని నొక్కి, బయటికి పోయి టీ తాగి వచ్చేసరికి అది ముక్క వేసేది. దాన్ని మొత్తం తుడిచేసి లైనక్స్ ఎక్కించాను. లైనక్స్‌లో ఒక సుగుణం ఉంది. ఎంత పాత యంత్రం మీదైనా నడుస్తుంది, చెప్పింది చెప్పినట్టు చేస్తుంది. దుర్గుణమూ అదే. తెలివితక్కువ మాట చెప్పినా ఎదురు చెప్పకుండా చేస్తుంది. పేకాట పోయిందన్న కోపంతో గుమస్తా ఆ సీజన్ అంతా నాతో మాట్లాడలేదు.

నల్లటి తెర మీద తెల్ల అక్షరాలు పరిగెడుతుంటే బాబాయి వచ్చి వెనక నిలబడ్డాడు.

"ఏందమ్మాయ్, బొమ్మలేం లేవు? చెడగొట్టావా?"

"లేదు బాబాయ్. ఇది ఇట్టాగే ఉండుద్ది."

"బ్యాంకులో కంప్యూటర్లకి చక్కగా బొమ్మలుంటయ్యే."

ఆయన తృప్తి కోసం తెర మీద సంఘం ఫొటో పెట్టాను. అదే, అందరూ ఉండి యంత్రం లేని ఫొటో. యంత్రం బాగుపడిందని అప్పుడు నమ్మాడు.

అసలు పని ఆ తర్వాత మొదలైంది. వాతావరణ సమాచారం పంచే సర్వరు ఒకటి గంటగంటకీ అంకెల మూటలు వదులుతూ ఉంటుంది. ఆ మూట దించుకుని, అందులోంచి మా ఊరి వైపువి ఏరి, వాన ఉందో లేదో తెలుగులో మెసేజీ పంపే సాఫ్ట్‌వేరు ఎక్కించాలి. ఎక్కించబోతే ముందు ఇంకో సాఫ్ట్‌వేరు కావాలంది. అది తెస్తే దానికి మరొకటి కావాలంది. ఆ మరొకటి తెస్తే, ఇది మరీ కొత్తది, పాతదే కావాలంది. ఆదాయం సర్టిఫికెట్‌కి పోయినవాణ్ణి రేషన్ కార్డు తెమ్మని, రేషన్ కార్డు తెస్తే ఇందులో పేరు వేరేగా ఉందని వెనక్కి పంపినట్టుంది నా బతుకు. అన్నీ కుదిరాక చివర్లో 'నీకు అనుమతి లేదు' అని తెర మీద పడింది. కంప్యూటరు తుడిచింది నేను, లైనక్స్ పెట్టింది నేను, పాస్‌వర్డు నాది. అయినా నాకే అనుమతి లేదట. కొత్త కోడలికి కూడా అత్తారింట్లో వారం గడిస్తే ఉప్పు డబ్బా ముట్టుకునే హక్కు వస్తుంది.

నెట్ డాంగిల్‌కి కిటికీలో పెడితే తప్ప సిగ్నల్ రాదు. అందుకని కంప్యూటర్ని కిటికీ దగ్గరికి మార్చాను. అక్కడున్నది ఒకటే ప్లగ్గు. ఎవరు వచ్చినా కంప్యూటరు తీగ పీకి, మందు కొట్టే స్ప్రేయరు బ్యాటరీకి చార్జింగు పెట్టుకునేవాళ్లు. అడిగితే, "ఆగిపోతే మళ్లీ వేసుకోవచ్చుగా అమ్మాయ్" అనేవాళ్లు. వాళ్లతో వాదించే ఓపిక లేక, కరెంటు వచ్చినప్పుడల్లా తనంతట తనే లేచి పని మొదలుపెట్టేలా రాశాను. బాబాయి చెప్పిన మధ్యాహ్న భోజనం వేళ దాటి, నాలుగు ఆదివారాలు దాటి, కార్తీక మాసం వచ్చాక కానీ పని ఒక కొలిక్కి రాలేదు.

మేడ మీద గొట్టం పాతి, గాలిని కొలిచే గిన్నెలు, ఎండని కొలిచేది, వానని కొలిచే తెల్ల డబ్బా బిగించాను. ఆ డబ్బా మీద గరాటు ఉంటుంది. వాన అందులో పడితే లోపల చిన్న చెంచా లాంటిది నిండి, ఒకవైపుకి ఒరిగి, కంప్యూటరుకి ఒక లెక్క పంపుతుంది. ఎన్నిసార్లు ఒరిగితే అంత వాన. డబ్బాకి చుట్టి వచ్చిన మందపాటి ప్లాస్టిక్ కవరు పీకి పారేస్తుంటే అత్త పట్టుకుంది.

"కవరు పీకుతావేందే? కొత్తదిగా."

"బిగించేటప్పుడు తియ్యాలత్తా."

ఆమె దాన్ని మడిచి చంకలో పెట్టుకుంది. టీవీ రిమోట్‌కి, గోడ గడియారానికి, చివరికి ఓటరు కార్డుకి కూడా కవరు ఊడదీయని మనిషి. దిగేటప్పుడు నేనే అన్నాను. "అత్తా, నీ కల్లం పక్కనే కదా, ఇది కాస్త కనిపెట్టుకుని ఉండు. చానా ఖరీదైంది. పాడైతే నా మీదకొచ్చుద్ది."

"నేనుండగా ఎట్టా పాడవుద్ది?" అంది.

ప్రారంభోత్సవం ఘనంగా చేశారు. అధ్యక్షుడు పంతుల్ని పిలిపించాడు. ఉపాధ్యక్షుడిది చర్చి కుటుంబం, అతను పాస్టరు గారిని పిలిపించాడు. పంతులు సీపీయూకి బొట్టుపెట్టి, గాలి లోపలికి పోయే కంతల దగ్గరే హారతి వెలిగించాడు. పాస్టరు గారు కీబోర్డు మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తే తెర మీద ఏవేవో అక్షరాలు పడ్డాయి. ఇద్దరు దేవుళ్ల అండతో యంత్రం బయల్దేరింది. ఆ తర్వాత బాబాయి మైకు అందుకుని, "వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియదన్నారు పెద్దలు" అని మొదలుపెట్టాడు. వాన రాకడ చెప్పే యంత్రం ముందు నిలబడి ఆ మాట అన్న ధైర్యానికి ఆయన్ని మెచ్చుకోవాలి. ఏ పరికరం ఏం చేస్తుందో చెప్పడానికి నా వంతు వచ్చేసరికి పులిహోర పొట్లాలు కూడా వచ్చాయి. నా మాట వినడానికి మైకు ఒక్కటే మిగిలింది.

అంతటితో ఆగితే బాగుండేది. కానీ నాకు చదువుంది కదా. సర్వరు చెప్పే సూచన ఒక్క ఊరికి కాదు, వినుకొండ నుంచి నూజెండ్ల దాకా అంతటికీ కలిపి ఒకటే. వినుకొండలో పడ్డ వాన మా ఊళ్లో పడాలని లేదు. అందుకని ఒక దిద్దుబాటు రాశాను. సర్వరు వాన అని చెప్పిన రోజున మన డబ్బాలో నిజంగా పడిందా లేదా యంత్రమే సరిచూసుకుంటుంది. సర్వరు చెప్పినా డబ్బాలో పడకపోతే, సర్వరు మా ఊరి విషయంలో కోతలు కోస్తోందని గ్రహించి, తర్వాతిసారి దాని మాటకి విలువ తగ్గిస్తుంది. అనుభవం మీద నేర్చుకుంటుందన్నమాట. కాలేజీ స్టాఫ్‌రూములో దీని గురించి ఎంత చెప్పానంటే, నేను టీ కప్పు పట్టుకుని వస్తుంటే తోటివాళ్లు ఫోను చెవికి పెట్టుకునేవాళ్లు.

ఆ చలికాలంలో మబ్బులు పట్టి ఒకటి రెండు జల్లులు పడ్డాయి. సర్వరు వాన అంది. నరసరావుపేటలో నేనూ తడిశాను. ల్యాబులో కూర్చుని నెట్‌లో చూస్తే మా ఊరి డబ్బా మాత్రం సున్నా అంది. అనుమానం వచ్చి అత్తకి ఫోన్ చేశాను.

"అత్తా, వాన పడిందా అక్కడ?"

"ఏం వానలే. దుమ్మణిగిందంతే."

మావైపు రైతుని వాన పడిందా అని అడగడమే తెలివితక్కువతనం. పడిందని ఒప్పుకున్న మనిషిని నేనింతవరకూ చూడలేదు. మోకాటి లోతు నీళ్లలో నిలబడి కూడా, ఏం పడిందిలే అంటారు. పడిందంటే పైవాడు విని, సరే చాలులే అనుకుంటాడని భయమేమో. అయినా అత్త మాటని నేను కొలతగా తీసుకున్నాను. ఎందుకైనా మంచిదని ఒక ఎండపూట వెళ్లి, గరాటులో చెంబుతో నీళ్లు పోసి చూశాను. అత్త పొలంలో ఉంది. డబ్బా టకటకమని లెక్క పంపింది. అంటే యంత్రం బాగుంది, కేబులు బాగుంది, ఊళ్లోనే వాన లేదు. ఆ తర్వాత పడ్డ రెండు జల్లులకీ సున్నానే వచ్చింది. ఇది వాన పడని ఊరని యంత్రం నేర్చుకుంది. దాని వెనకే నేనూ నేర్చుకుని స్టాఫ్‌రూములో ఇంకో ఉపన్యాసం ఇచ్చాను.

మిరప కోతలు మొదలయ్యాక మెసేజీలకి గిరాకీ వస్తుందనుకున్నాను. సంఘం వాట్సాప్ గ్రూపులో పొద్దున్నే వచ్చే గులాబీ పూల శుభోదయాల మధ్య నా మెసేజీ ఎక్కడ ఉందో నాకే దొరికేది కాదు. దాన్ని వెతికి చదివే మనిషి ఊరు మొత్తానికి ఒక్కతే. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెదొక దారి. కల్లాల దగ్గర ఆడవాళ్లు మబ్బుల వంక చూస్తుంటే, "మా కోడలి మిషను లేదన్నది, పడదు" అని చెప్పేదట మా అత్త. నన్ను కోడలని, మిషన్ని మాదని చెప్పుకోవడంలో ఆమెకెంత గర్వమో, అది నాకు చెప్పేటప్పుడు ఫోన్లోనే తెలిసేది.

మార్చిలో ఒక రోజు పొద్దున యంత్రం మెసేజీ పంపింది. 'ఈ రోజు వాన సూచన లేదు. కాయ ఆరబోసుకోవచ్చు.' మధ్యాహ్నం ల్యాబులో ఉండగా కిటికీ చీకటి పడింది. పడమటి దిక్కంతా నల్లగా ఉంది. లాప్‌టాప్‌లో సర్వరు పంపిన అసలు అంకెలు తీసి చూశాను. అది పొద్దుట్నుంచీ పెద్ద వాన, పెద్ద వాన అని మొత్తుకుంటూనే ఉంది. మా యంత్రం దాని మాటకి విలువ తగ్గించి తగ్గించి, లేదు అని పంపింది. నేను నేర్పిన చదువే. అత్తకి ఫోన్ చేస్తే ఎత్తలేదు. మళ్లీ చేసినా ఎత్తలేదు. స్కూటీ తీశాను. దారిలో వాన ఎదురైనా ఆగకుండా పోనిచ్చాను.

ఊరు చేరేసరికి వాన వెలిసి, ఏమీ ఎరగనట్టు ఎండ కూడా కాస్తోంది. దారి పొడుగునా కల్లాలన్నీ పట్టల కింద భద్రంగా ఉన్నాయి. అరుగు మీద కూర్చున్న ఒక పెదనాన్న నన్ను చూసి నవ్వాడు.

"మీ మిషను వాన లేదన్నదని మీ అత్త చెప్పిందిగా అమ్మాయ్. అందుకే పొద్దున్నే కప్పుకున్నాం."

అత్త కల్లంలో సగం కాయ రాశి పోసి, పట్ట కప్పి ఉంది. మిగతా సగం పరిచినది పరిచినట్టే తడిసి ముద్దయింది. మధ్యలో నీళ్లు నిలిచి ఎర్రగా ఉన్నాయి. అత్త చీర ఒంటికి అతుక్కుపోయి, చేటతో ఆ నీళ్లు ఎత్తిపోస్తోంది. నన్ను చూసి, "వానలో బండి మీద వచ్చావా? తల తుడుచుకో" అంది. మళ్లీ చేట నీళ్లలో ముంచింది.

తిట్టినా బాగుండేది. ఆమె నన్నేమీ అనకపోయేసరికి నా కోపమంతా డబ్బా మీదకి మళ్లింది. ఇంత వానకి ఏం లెక్క చెప్పిందో చూద్దామని కిటికీలోంచి తెర వంక చూశాను. వర్షపాతం సున్నా అని ఉంది. గబగబా మేడ ఎక్కాను.

తెల్ల డబ్బా కనపడలేదు. దాని చోట ఒక నీలం పట్ట మూట ఉంది. పురికొసతో చుట్లు చుట్లుగా కట్టి, గాలికి లేవకుండా చుట్టూ ఇటుకలు పేర్చి ఉన్నాయి. మెట్ల పక్కన, నేను పీకిన ప్లాస్టిక్ కవరు చిరిగి పడి ఉంది. ముడులు విప్పి చూస్తే లోపల డబ్బా పొడిగా, శుభ్రంగా, ఈ మధ్యనే గుడ్డతో తుడిచినట్టుంది. మేడ మీద ఆ పూట తడవని వస్తువు అదొక్కటే.

కిందకి దిగాను. "అత్తా, మేడ మీద డబ్బాకి పట్ట ఎవరు కట్టారు?"

"నేనేనే. ఇంకెవరు కడతారు? ఈ ఊళ్లో ఎవరికన్నా పట్టిందా?"

"ఎప్పట్నుంచి కడుతున్నావు?"

"నువ్వు బిగించి పోయిన కాణ్ణుంచి. మబ్బేస్తే కప్పుతా, తెరిపియ్యంగానే తీస్తా. పాడైతే నీ మీదకొచ్చుద్దని నువ్వేగా చెప్పింది." చేట పక్కన పెట్టి నడుము పట్టుకుంది. "ఇయ్యాల గాలికి కవరు నిలవలా. మళ్లీ కిందకొచ్చి, నా పట్టల్లో ఒకటి తీసుకుని ఎక్కా. ఈ మోకాళ్లతో ఎక్కి దిగేతలికి ఇక్కడ పడనే పడింది." తడి చేతులు కొంగుకి తుడుచుకుంది. "దాని మీద మాత్రం ఒక్క చుక్క పడనీలా."

అక్కడే తడి నేల మీద కూర్చుని ఏడ్చాను. ఆమె కాయ తడవకుండా చూడాలని నేను పెట్టిన డబ్బాని తడవనివ్వకుండా, ఆమె తన కాయ తడుపుకుంది. కాయ పోయినందుకే ఏడుస్తున్నాననుకుని, "సగం ఉందిలేవే. ఇంకో కోత కూడా ఉంది" అని అత్త నన్ను ఓదార్చింది.

ఏడుపు తగ్గాక డబ్బా సంగతి చెప్పాను. అది తడవాలని, తడిస్తేనే వాన పడ్డట్టు దానికి తెలుస్తుందని, తడవక తడవక వాన లేని ఊరని నేర్చుకుందని. ఆమె తలెత్తి మేడ వైపు చూసింది.

"అంత ఖరీదైనదాన్ని వానలో నానబెట్టాలని ఎవరనుకుంటారే?" అంది.

లైనక్స్‌లో దిద్దుబాటంతా తీసేశాను. సర్వరు ఏం చెబితే అదే మెసేజీగా వెళ్లేలా మార్చాను. అది రాయడానికి ఎన్ని రోజులు పట్టిందో, తీసెయ్యడానికి అన్ని నిమిషాలు కూడా పట్టలేదు. యంత్రం మళ్లీ బాగుపడిందని తెలిసి బాబాయి ఇంకో ఫొటో దిగుదామన్నాడు. ఈసారి డబ్బా పక్కన నిలబడ్డాడు కానీ, ఆయన పొట్ట వెనక డబ్బా కనపడలేదు. తడిసిన కాయలో తాలు ఏరడానికి అత్త పక్కన నేనూ కూర్చున్నాను. చేతుల మంట చాలారోజులు పోలేదు.

ఆఖరి కోత కాయ కల్లంలో ఉండగా యంత్రం మళ్లీ మెసేజీ పంపింది. వాన ఉంది, కాయ కప్పుకోండి అని. ఈసారి ఊరంతా ఆరబోసుకుని ఉంటుందేమోనని నాకు భయమేసింది. మధ్యాహ్నం ఉరుముతుండగా అత్త ఫోన్ చేసింది.

"పొద్దున్నే రాశి పోసి కప్పేశా. ఒక్క కాయ తడవలా."

"మంచిదత్తా" అన్నాను. ఆమె ఫోన్ పెట్టలేదు. వెనక వాన శబ్దం వినిపిస్తోంది.

"ఏందత్తా?"

"డబ్బా తడుస్తుందే" అంది మెల్లగా. "కప్పొద్దన్నావని కప్పలా. నీ సామాను అట్టా తడుస్తా ఉంటే చూడలేక లోపలికొచ్చి కూర్చున్నా."

ల్యాబులో నా ముందు తెర మీద, డబ్బా లెక్క సున్నా ఉండే చోట, మొదటిసారిగా వానకి ఒక అంకె కదిలింది.